మెదడులో గడ్డ పెరుగుతోందా, లేదా? తేల్చడానికి అణు స్కానింగు

ఎమ్మారైకి అంతుపట్టని చోట ఉపయోగం - అందరికీ అవసరం లేదు - వెళ్లే ముందు కనుక్కుని వెళ్లడం మేలు

యాగంటి: ఈ క్షేత్రానికి వచ్చే భక్తులు ఉమామహేశ్వరుని దర్శనం అయ్యాక తప్పకుండా ఆగే చోటు బసవన్న మండపం. ఒకప్పుడు ఈ నందీశ్వరుని చుట్టూ సులువుగా ప్రదక్షిణం చేసేవారని, ఇప్పుడు స్తంభాలకూ విగ్రహానికీ నడుమ మనిషి దూరడమే కష్టమైందని పెద్దలు చెబుతారు. చోటు చాలక ఒక స్తంభాన్ని తొలగించారని కూడా అంటారు. 20 ఏళ్లకు ఒక అంగుళం చొప్పున బసవన్న పెరుగుతున్నాడన్న మాట బనగానపల్లె ప్రాంతంలో అందరి నోటా ఉంది. కలియుగాంతాన యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో చెప్పారన్నది జనుల విశ్వాసం.

బసవన్న పెరుగుదల తరాలు గడిస్తేగాని తెలిసేది కాదు. మనిషి పుర్రెలో పెరిగే ఒక రకం గడ్డ మాత్రం కొద్ది వారాలలోనే ప్రాణాల మీదికి తెస్తుంది. మండపంలో స్తంభం తీసి చోటు చేయవచ్చు గాని పుర్రె ఎముక ఇరుకైతే లోపల మెదడే నలిగిపోతుంది. కనుక అక్కడ గడ్డ నిజంగా పెరుగుతోందా, లేక పెరిగినట్లు పైకి కనిపిస్తోందా అన్నది తేల్చుకోవడం చావుబతుకుల ప్రశ్న. ఇటువంటి చోట వైద్యులకు అక్కరకు వస్తున్నవే అణు వైద్య స్కానింగులు. వీటిని ఆసుపత్రులలో 'పెట్ స్కాన్', 'స్పెక్ట్ స్కాన్' అని పిలుస్తున్నారు.

తుంగ గడ్డి వంటి రోగం

మెదడులో పుట్టే గడ్డలన్నీ ఒకటి కావు. కొన్ని పైపొరల వద్ద పుట్టి, మెల్లగా పెరిగి, ఒక ఆపరేషనుతో పూర్తిగా పోతాయి. మెదడు గడ్డ అనగానే ఆశ వదులుకోనక్కరలేదు. కాని పెద్దవారిలో మెదడులోనే పుట్టే కాన్సర్లలో ఎక్కువగా కనిపించేది, అన్నింటికంటె ప్రమాదకరమైనది 'గ్లయోబ్లాస్టోమా' అనే గడ్డ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు గడ్డలను ఒకటి నుంచి నాలుగు తరగతులుగా విభజించగా, ఇది నాలుగో తరగతికి చెందినది.

కె.సి.కెనాలు కింద సేద్యం చేసే రైతుకు దీని స్వభావం సులువుగా అర్థమవుతుంది. మడిలో తుంగ మొలిచినప్పుడు పైన కనిపించే మొక్కను పీకవచ్చు. కాని మట్టిలో దాని గడ్డలు మిగిలిపోయి, పది రోజులలో మళ్లీ తలెత్తుతాయి. గ్లయోబ్లాస్టోమా కూడా అంతే. శస్త్రవైద్యుడు కంటికి కనిపించినంతా తీసివేసినా, దాని కణాలు వేళ్ల మాదిరి మంచి మెదడులోకి పాకిపోయి ఉంటాయి. వాటి కోసం మరింత కోద్దామంటే మాట పోవచ్చు, చేయి పడిపోవచ్చు, చూపు పోవచ్చు.

అందువల్ల ఆపరేషను తరువాత రేడియేషను ఇస్తారు. పల్లెల్లో 'కరెంటు పెట్టడం' అనేది దీనినే. సాధారణంగా 30 విడతలుగా, వారానికి ఐదు రోజుల లెక్కన ఆరు వారాలు ఈ చికిత్స సాగుతుంది. దానితో పాటు టెమోజోలమైడ్ అనే బిళ్లలు వాడతారు. యూరప్, కెనడాలలో 573 మంది రోగులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2005లో వెలువడినప్పటి నుంచి ప్రపంచమంతటా ఈ పద్ధతే ప్రమాణమైంది. కరెంటు ఒక్కటే పెట్టినవారిలో రెండేళ్లు బతికినవారు నూటికి 10 మంది కాగా, బిళ్లలు కూడా వాడినవారిలో 26 మంది ఉన్నారు. సగటు ఆయుర్దాయం 12 నెలల నుంచి సుమారు 15 నెలలకు పెరిగింది. పెరిగింది స్వల్పమే అయినా, ఇటువంటి రోగంలో అది తక్కువ విషయం కాదు. ఒక్కొక్క నెలకూ విలువ ఉన్న ఈ రోగంలో, చికిత్స పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో దీనిని బట్టి ఊహించవచ్చు.

నీడ కనిపిస్తుంది, నిజం తెలియదు

మెదడు గడ్డను కనిపెట్టడానికి మొదటి పరీక్ష ఎమ్మారై. ఈ విషయంలో దానికి సాటి లేదు. గడ్డ ఎక్కడ ఉంది, ఎంత ఉంది, చుట్టూ వాపు ఎంత అన్నది స్పష్టంగా చూపుతుంది. నరం ద్వారా ఎక్కించే ఒక రంగు మందు గడ్డ ఉన్న చోట తెల్లగా వెలుగుతుంది.

చిక్కు వచ్చేది చికిత్స తరువాత. మెదడు రక్తనాళాలకు సహజంగా ఒక గట్టి అడ్డుకట్ట ఉంటుంది. గడ్డ పెరిగిన చోట ఆ కట్ట తెగిపోయి రంగు మందు బయటికి ఊరుతుంది. అందుకే అక్కడ తెల్లగా కనిపిస్తుంది. అయితే కరెంటు పెట్టిన దెబ్బకు కూడా అదే కట్ట తెగుతుంది. అంటే గడ్డ చచ్చి, ఆ చోటు పుండు పడినా ఎమ్మారైలో తెల్ల మచ్చ పెద్దదైనట్లే ఉంటుంది. రేడియేషను ముగిసిన మొదటి మూడు నెలలలో ఇలా పెరిగినట్లు భ్రమ కలిగించడాన్ని వైద్యులు 'అబద్ధపు పెరుగుదల' అంటారు. వేర్వేరు పరిశీలనలలో నూటికి 10 నుంచి 30 మంది దాకా రోగులలో ఇది కనిపించింది. కొందరిలో కరెంటు దెబ్బకు మంచి కణజాలం కూడా చచ్చిపోయి, నెలల తరువాత, ఏళ్ల తరువాత సైతం కొత్త గడ్డలా కనిపిస్తుంది.

ఉదాహరణకు ఒక రైతు కుటుంబాన్ని తీసుకుందాం. ఇంటి పెద్దకు ఆపరేషను అయింది. ఆరు వారాలు పట్నంలో గది అద్దెకు తీసుకుని కరెంటు పెట్టించారు. రెండు నెలలకు ఎమ్మారై తీస్తే మచ్చ పెద్దదైంది. రోగం తిరగబెట్టిందని అనుకుంటే పనిచేస్తున్న బిళ్లలను మానిపించే ప్రమాదం ఉంది. లేదా అక్కరలేని రెండో ఆపరేషనుకు ఎకరం పొలం అమ్మవలసి వస్తుంది. పుండేలే అని ఊరుకుంటే, నిజంగా గడ్డే అయిన పక్షంలో కాలం చేయి దాటిపోతుంది. రెండు విధాలా నష్టమే. కొద్ది వారాలు ఆగి మళ్లీ ఎమ్మారై తీయడం ఒక మార్గం. ఆగడానికి వీలులేనప్పుడు మిగిలిన మార్గం అణు స్కానింగు.

ఆవు మెడలో గంట

ఎమ్మారై గడ్డ ఆకారాన్ని చూపుతుంది. అణు స్కానింగు గడ్డ చేసే పనిని చూపుతుంది. ఉన్న తేడా అంతా ఇదే. మచ్చ ఎంత పెద్దదో చూడకుండా, అది బతికి ఉండి మేత మేస్తోందా అని చూడడమన్న మాట.

నల్లమల అడవిలోకి మేతకు వదిలిన ఆవు కంటికి కనిపించకపోయినా, మెడలోని గంట చప్పుడును బట్టి ఎక్కడుందో కాపరికి తెలుస్తుంది. ఇక్కడ కూడా అంతే. శరీరం వాడుకునే చక్కెర వంటి పదార్థానికి ఒక రేడియో ధార్మిక పరమాణువును గంటలా కట్టి, రవ్వంత మోతాదులో నరానికి ఎక్కిస్తారు. అది ఎక్కడ చేరితే అక్కడి నుంచి కిరణాలు బయటికి వస్తాయి. చుట్టూ ఉన్న యంత్రం ఆ కిరణాలను పట్టి బొమ్మ కడుతుంది. పెట్ యంత్రంలో ఒక విశేషం ఉంది. అందులో ఒకేసారి రెండు కిరణాలు సరిగ్గా ఎదురెదురు దిక్కులకు బయలుదేరతాయి. ఆ రెండూ తగిలిన చోట్లను గీతతో కలిపితే పుట్టిన చోటు ఆ గీత మీదనే ఉంటుంది. ఇటువంటి లక్షల గీతలు కలిసినప్పుడు గడ్డ ఉన్న తావు బయటపడుతుంది.

ఈ 'గంట కట్టే' విద్యకు ఆద్యుడు హంగరీ దేశీయుడైన జార్జి హెవెసీ. 1911లో ఆయన ఇంగ్లండులోని మాంచెస్టరులో ఒక భోజనపుటింట ఉండేవాడు. మిగిలిపోయిన కూరనే ఇంటావిడ మళ్లీ మళ్లీ వడ్డిస్తున్నదని అనుమానించి, తన పళ్లెంలో వదిలిన కూరలో కాస్త రేడియో ధార్మిక పదార్థం కలిపాడని, కొన్నాళ్లకు వడ్డించిన వంటకంలో పరికరం పెట్టి చూడగా దొంగతనం బయటపడిందని కథగా చెబుతారు. పదార్థం ఎటు పోయిందో జాడ తీసే ఈ పద్ధతికే ఆయనకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

దీనిని మెదడు గడ్డలకు వర్తింపజేసినది అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డాక్టర్ జార్జి మూర్. 1948లో ఆయన రేడియో ధార్మిక అయోడిన్ కట్టిన రంగు పదార్థాన్ని ఎక్కించి, తల మీద పరికరం పెట్టి గడ్డ ఉన్న చోటును గుర్తించాడు. అప్పటికి సి.టి. స్కాను గాని, ఎమ్మారై గాని పుట్టనే లేదు. 1976లో రేడియో ధార్మిక చక్కెర మందును మొట్టమొదటిసారి మనుషులకు ఫిలడెల్ఫియాలో ఎక్కించారు. 1982లో డాక్టర్ డికిరో బృందం, గడ్డ ఎంత ఉగ్రమైనదైతే అంత ఎక్కువగా ఈ చక్కెరను తింటుందని వెల్లడించింది.

దీపావళి రాత్రి దీపాన్ని వెతికినట్లు

అయితే చక్కెర మందులో ఒక లోపం ఉంది. శరీరం బరువులో మెదడు వాటా నూటికి రెండు పాళ్లే అయినా, శరీరం ఖర్చు చేసే శక్తిలో అయిదో వంతు మెదడుకే పోతుంది. అందుచేత మంచి మెదడు కూడా చక్కెరను పుష్కలంగా తీసుకుని స్కానులో వెలిగిపోతుంది. దీపావళి రాత్రి ఊరంతా దీపాలు వెలుగుతుంటే ఒక ఇంటి దీపాన్ని దూరం నుంచి ఎలా గుర్తుపడతాం? చిన్న గడ్డల విషయంలో ఈ స్కాను అలాగే తడబడుతుంది. మిగతా శరీరంలోని కాన్సర్లకు ఎంతో ఉపయోగపడే మందు మెదడు దగ్గర మాత్రం అంతగా ఆనదు.

దీనికి విరుగుడుగా శాస్త్రజ్ఞులు చక్కెర మాని, మాంసకృత్తులకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలకు గంట కట్టారు. మిథయోనిన్, ఎఫ్.ఇ.టి., ఎఫ్-డోపా అనేవి ఈ కోవకు చెందిన మందులు. మంచి మెదడు వీటిని కొద్దిగానే తీసుకుంటుంది. వేగంగా పెరిగే గడ్డ ఎక్కువగా గుంజుకుంటుంది. ఊరంతా చీకటిగా ఉన్నప్పుడు ఒక ఇంట వెలిగిన దీపంలా గడ్డ బయటపడుతుంది. చచ్చిన కణజాలం పెద్దగా తినదు గనుక పుండుకూ గడ్డకూ తేడా చాలావరకు తెలుస్తుంది. మెదడు గడ్డలకు ఈ రకం స్కానే మేలని అంతర్జాతీయ నిపుణుల సంఘాలు 2016లో సిఫారసు చేశాయి. బొమ్మను ఎలా చదవాలో అందరికీ ఒకే కొలమానం ఉండాలని 2024లో మరొక నియమావళిని వెలువరించాయి.

పెట్ యంత్రం లేని చోట స్పెక్ట్ అనే మరొక పద్ధతి ఉంది. ఇందులో టెక్నీషియం అనే పదార్థం వాడతారు. బొమ్మ పెట్ అంత నిశితంగా ఉండదు. ఖర్చు మాత్రం తక్కువ. గ్లూకోహెప్టొనేట్ అనే మందుకు టెక్నీషియం కట్టి, గడ్డ తిరగబెట్టినదీ లేనిదీ చూసే పద్ధతిపై మన దేశపు వైద్యులు చెప్పుకోదగ్గ పరిశోధనలు చేశారు.

ఇన్ని చెప్పినా ఏ స్కానూ నూటికి నూరుపాళ్లు నిజం చెప్పదన్నది గమనార్హం. వాపు ఎక్కువగా ఉన్న చోట పుండు కూడా ఒక్కొక్కసారి వెలుగుతుంది. సందేహం తీరనప్పుడు ముక్క తీసి పరీక్షించడమే తుది తీర్పు. ఆ ముక్కను గడ్డలో ఏ చోటు నుంచి తీయాలో సూచించడానికి కూడా ఈ స్కాను తోడ్పడుతుంది.

నిలవ ఉండని సరుకు

ఈ మందులను దుకాణంలో నిలవ చేసుకునే వీలులేదు. పెట్ స్కానులో వాడే ఫ్లోరిన్-18 శక్తి ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది. హైదరాబాదులో తయారైన మందు కర్నూలు చేరడానికి మూడు గంటల నలభై నిమిషాలు పట్టిందనుకుంటే, బయలుదేరినప్పటి శక్తిలో నాలుగో వంతే మిగులుతుంది. మిథయోనిన్‌కు కట్టే కార్బన్-11 అయితే 20 నిమిషాలకే సగమవుతుంది. కాబట్టి దానిని తయారు చేసే సైక్లోట్రాన్ యంత్రం ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలి. 1976లో అమెరికావారు తొలి చక్కెర మందును చిన్న విమానంలో హుటాహుటిన ఫిలడెల్ఫియాకు తరలించడానికి కారణం ఇదే.

మన దేశంలో మొదటి వైద్య సైక్లోట్రాన్, మొదటి పెట్ స్కానర్ 2002లో ముంబయిలో అణుశక్తి శాఖకు చెందిన రేడియేషన్ మెడిసిన్ సెంటరులో మొదలయ్యాయి. ఆ తరువాత హైదరాబాదుతో సహా పలు నగరాలకు ఈ సౌకర్యం విస్తరించింది. టెక్నీషియం సంగతి కొంత నయం. అది ఆరు గంటలకు సగమవుతుంది. పైగా వారం పాటు దానిని పిండుకునే చిన్న పెట్టె ఆసుపత్రిలోనే ఉంటుంది. ఆవు పాలు పితికినట్లు రోజూ కావలసినంత తీసుకుంటారు.

కనుక రోగులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫలానా రోజు, ఫలానా గంటకు రమ్మని చెప్పారంటే మందు ఆ లెక్కకే తయారవుతుంది. బస్సు తప్పి మధ్యాహ్నానికి చేరుకుంటే మందు ఆగి ఉండదు. ముందురోజే చేరుకోవడం ఉత్తమం.

'అణు' అంటే భయమా?

పక్క కడప జిల్లాలోని తుమ్మలపల్లె యురేనియం గని గురించి విన్నవారికి 'అణు' అనే మాట వినగానే జంకు కలగడం సహజం. కాని స్కానులో వాడేది యురేనియం కాదు. ఉదయం ఎక్కించిన ఫ్లోరిన్ మర్నాటి ఉదయానికి వెయ్యో వంతు కంటె తక్కువే మిగులుతుంది. భూమి నుంచి, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ సహజంగానే ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషను తగులుతూ ఉంటుంది. ఒక పెట్ స్కానులో తగిలేది ఉరామరిగా రెండు, మూడేళ్ల సహజ మోతాదుకు సమానం. రోగంతో పోలిస్తే ఈ ప్రమాదం బహు తక్కువ. అలాగని ఊరికే చేయించుకోవలసిన పరీక్ష కూడా కాదు.

చక్కెర మందుతో స్కాను అయితే నాలుగు నుంచి ఆరు గంటలు ముందుగా ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. మధుమేహం ఉన్నవారు ముందే చెప్పాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే బొమ్మ సరిగా రాదు. మందు ఎక్కించాక కొంతసేపు చీకటి గదిలో మాట్లాడకుండా పడుకోబెడతారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి దాచకూడదు. స్కాను అయ్యాక నీళ్లు ఎక్కువగా తాగి, ఆ పూటకు పసిపిల్లలను ఎత్తుకోకుండా, గర్భిణులకు దూరంగా ఉంటే చాలు. ఫిట్సు మందులు మాత్రం డాక్టరు చెప్పకుండా మానరాదు.

ఎవరికి కావాలి, ఎవరికి వద్దు

తలనొప్పి వచ్చినవారంతా ఈ స్కాను చేయించుకోవాలని అనుకుంటే పొరపాటు. తలనొప్పులలో అత్యధిక భాగం మెదడు గడ్డ వల్ల వచ్చేవి కావు. అయితే తెల్లవారుజామున ఎక్కువై వాంతులతో కూడిన తలనొప్పి, పెద్ద వయసులో కొత్తగా వచ్చిన ఫిట్సు, ఒక పక్క కాలు చేయి బలహీనపడడం, మాట తడబడడం, చూపు తగ్గడం, ఉన్నట్టుండి మనిషి ప్రవర్తన మారడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయరాదు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించుకుంటూ వారాలు గడిపితే గడ్డ తన పని తాను చేసుకుపోతుంది. దేవునికి మొక్కుకోవడం తప్పు కాదు. మొక్కు తీర్చుకోవడానికైనా మనిషి బతికి ఉండాలి గదా!

అటువంటివారికి మొదట కావలసింది నరాల డాక్టరు, సి.టి. లేక ఎమ్మారై. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్స విభాగం ఉంది. ఎమ్మారైతో తేలని చోట, ముఖ్యంగా కరెంటు పెట్టిన తరువాత మచ్చ పెరిగినప్పుడు, వైద్యుడే అణు స్కానింగుకు చీటీ రాస్తాడు. తిరుపతి స్విమ్స్, హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రులలో అణు వైద్య విభాగాలు ఉన్నాయి. అయితే అమైనో ఆమ్లాల మందు అన్ని చోట్లా దొరకదు. ప్రయాణం కట్టే ముందు 'మెదడు కోసం ఏ మందుతో స్కాను తీస్తారు? ఏ రోజు రావాలి? ఏమి తెచ్చుకోవాలి?' అని కనుక్కోవాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏ మేరకు ఖర్చు భరిస్తారో ఆసుపత్రిలోని పథకం కౌంటరులో ముందే అడిగి తెలుసుకోవాలి. పాత ఎమ్మారై ఫిల్ములు, ఆపరేషను కాగితాలు, కరెంటు ఎప్పుడు ముగిసిందో తెలిపే చీటీ వెంట ఉండాలి. ఆ తేదీ తెలియకుండా కొత్త మచ్చను అంచనా వేయడం వైద్యునికి కష్టం.

చివరగా ఒక మాట. స్కాను రోగాన్ని నయం చేయదు, దారి చూపుతుంది. మచ్చ పుండేనని తేలితే పనిచేస్తున్న మందును ధైర్యంగా కొనసాగించవచ్చు. రోగం తిరగబెట్టిందని తేలినా ఆ నిజానికి విలువ ఉంది. మళ్లీ ఆపరేషనా, వేరే మందా, లేక ఇక కోతలు మాని నొప్పి, ఫిట్సు లేకుండా ఇంటి పట్టున చూసుకోవడమా అన్నది కుటుంబమూ వైద్యుడూ కూర్చుని నిర్ణయించుకోవచ్చు. నలుగురు నాలుగు మాటలు చెప్పగా విని, ఉన్న పొలం అమ్మి, ఊళ్లు తిరిగే దురవస్థ తప్పుతుంది.